అమూలకం

మొన్న సంక్రాంతికి మా చిన్నమ్మాయి బెంగుళూరు నుంచి వచ్చింది. వచ్చిందన్న మాటే గాని, భోగినాడు తెల్లవారుజామున మంట దగ్గర ఒక అరగంట నిలబడడం తప్ప, పండుగ మూడు రోజులూ వసారాలోని పడక కుర్చీలో, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకొనే గడిపింది. కనుమనాడు మధ్యాహ్నం గారెలు తినడానికి పిలుద్దామని వెళ్ళిన నాకు, ఆమె ఫోనులో ఎవరితోనో ఇంగ్లీషులో అంటున్న మాటొకటి చెవిని పడింది. "ఆ అంకెకు మూలమేదో చూపించండి, అప్పుడు నా నివేదికలో ఉంచుతాను" అన్నది దాని తాత్పర్యం. ముప్పై యేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసినవాడు 'మూలం' అన్న మాట ఏ భాషలో వినిపించినా ఆగక మానడు. నేనూ ఆగాను. గారెలు చల్లారిపోయాయి.

మిత్రులారా, ఈ టపా విషయం నాకు బొత్తిగా పరిచయం లేనిది. నేను భాషాప్రవీణ చదివి, రాజమహేంద్రవరంలో పండిత శిక్షణ పొంది, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఛందస్సు, వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి. మా అమ్మాయి రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. చేసే ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే "చిప్పుల కంపెనీల వ్యవహారం" అని చెప్పి తప్పించుకొనేవాణ్ణి. ఎదురింటి పెద్దాయన చాలాకాలం ఆలుగడ్డ చిప్సనుకొన్నాడు. నాకూ అంతకంటె ఎక్కువ తెలియదు కనుక సరిదిద్దలేదు. పన్నెండేళ్ళుగా ఆమె చేస్తున్న పనేమిటో ఆ కనుమ రాత్రి, అదీ నా చెవిని పడిన ఒక మాట పుణ్యమా అని, మొదటిసారి అడిగాను.

ఆమె పనిచేసేది చిప్పులు తయారుచేసే చోట కాదు. ఆ చిప్పులకు కావలసిన సరుకులను తయారుచేసేవారు, కొనేవారు, వాటిపై డబ్బు పెట్టేవారు ఉంటారు గదా, వారికి "ఏ సరుకు ఎంత అమ్ముడవుతున్నది, వచ్చే అయిదారేళ్ళలో ఎంత కావలసివస్తుంది, ఏ సరుకు మూలపడి దాని స్థానంలోకి ఏది వస్తుంది" అన్నది పరిశోధించి నివేదికలు వ్రాసి ఇచ్చే సంస్థలో. మన పాఠ్యపుస్తకాలలో అర్ధవాహకాలని చదువుకొన్నాం, వాటి ముడిసరుకుల జాతకం వ్రాయడమన్నమాట. జాతకమన్న మాట ఆమెకు నచ్చలేదు. "జాతకం చెప్పేవాణ్ణి మూలం చూపించమని ఎవరూ అడగరు నాన్నగారూ" అన్నది.

"ఇసుకనుంచి చిప్పు వస్తుందంటారు. మరింక సరుకులేమిటి?" అన్నాను. అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. ఇసుకలోని సిలికాన్ను శుద్ధిచేసి, స్తంభంలాగా పెంచి, పల్చని బిళ్ళలుగా కోస్తారు. దానిని వేఫర్ అంటారు. ఆ శుద్ధి ఎంతటిదంటే 99 తరువాత చుక్క పెట్టి మరి తొమ్మిది తొమ్మిదులు వ్రాయాలి. అనగా పదివేల కోట్ల అణువులలో ఒక్కటి మాత్రమే పరాయిది ఉండవచ్చు. కిలోకు యాభైవేల గింజల చొప్పున లెక్క వేసుకొంటే, రెండువేల టన్నుల బియ్యంలో ఒక్క మట్టిబెడ్డ! మా ఇంట్లో బియ్యమేరే పళ్ళెం తలచుకొని నేను సిగ్గుపడ్డాను. ఆ బిళ్ళమీద వెలుగు సోకితే మారిపోయే ఫోటోరెజిస్ట్ అనే రసాయనాన్ని పూస్తారు. వెలుగుతో నమూనా అచ్చువేస్తారు. వాయువులతోనూ ఆమ్లాలతోనూ అక్కరలేని చోట తొలిచేస్తారు. పొర మీద పొర పేరుస్తారు. మధ్య మధ్య సన్నని గంధంవంటి స్లర్రీతో నున్నగా తోముతారు. చివరకు కోసి, తీగలు కట్టి, జిగురులాంటి రెజిన్‌లో పొదుగుతారు. ఇందులో ఒక్కొక్క మెట్టుకూ పదుల సంఖ్యలో సరుకులు. ఒక్కొక్కదాన్ని తయారుచేసేవారు ప్రపంచం మొత్తంమీద ఇద్దరో ముగ్గురో, ఒక్కొక్కప్పుడు ఒక్కరో!

ఆ ఒక్కరి కథ ఒకటి చెప్పింది. మనం నూడిల్సులో వేసే తెల్లని ఉప్పు అజినోమోటో ఉన్నది కదా. 1908లో ఇకెదా అనే జపాను ఆచార్యుడు సముద్రపు నాచులోని రుచికి కారణమేమిటో వెదికి కనుగొన్న పదార్థమది. ఆ ఉప్పును అమ్మే సంస్థ తన రసాయనవిద్యను విద్యుత్తును అడ్డగించే ఒక పల్చని పొర తయారీకి మళ్ళించింది. 1999లో ఒక పెద్ద చిప్పుల సంస్థ దానిని స్వీకరించింది. ఇప్పుడు పెద్ద కంప్యూటర్ల చిప్పు కింద ఉండే పీఠంలో ఈ పొరే దాదాపు ప్రతిచోటా ఉంటుంది. 2021లో ఆ పీఠాలకు కరువు వచ్చినప్పుడు కార్లనుంచి కంప్యూటర్ల దాకా అల్లాడిన అనేక కారణాలలో ఇదొకటి. రుచి ఉప్పు చేసేవాడి వాకిట్లో కంప్యూటర్లు చేసేవాడు నిలబడ్డాడు! మన కథల్లో ఎక్కడో ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణమున్న మాంత్రికుడు గుర్తుకు వచ్చాడు. ఆ చిలుక ఎక్కడున్నదో వెదకి చెప్పడమే మా అమ్మాయి పనిలో సగం.

ఆ వెదకడం ఊరికే వచ్చినది కాదు. 1993 జూలైలో జపానులోని నీహామా అనే ఊళ్ళో సుమితొమో కెమికల్ వారి కర్మాగారంలో పేలుడు జరిగింది. చిప్పులను పొదిగే రెజిన్‌లో వాడే ఒకానొక పదార్థం ప్రపంచానికి కావలసినదానిలో సగానికి మించి అక్కడినుంచే వస్తున్నదన్న సంగతి ఆ పేలుడుతో అందరి దృష్టికీ వచ్చింది. జ్ఞాపక చిప్పుల ధరలు ఒక్కసారిగా ఎగిరిపోయాయి. 2019 జూలైలో జపాను ప్రభుత్వం కొరియాకు మూడంటే మూడే సరుకుల ఎగుమతిపై ఆంక్షలు బిగించింది: ఫోటోరెజిస్ట్, హైడ్రోజన్ ఫ్లోరైడ్, ఒక రకం పాలీఇమైడ్. డబ్బులో చూస్తే అవి చిన్నవి. వాటిపై ఆధారపడిన పరిశ్రమ మాత్రం ఒక దేశానికి వెన్నెముక. ఆ ఆంక్షలు తొలగడానికి 2023 మార్చి దాకా పట్టింది. ఇటువంటివి జరిగినప్పుడల్లా అందరూ అడిగేది ఒక్కటే ప్రశ్న: "ఎంత శాతం? ఎవరి దగ్గర?"

"సరే, ఎవరూ చెప్పని లెక్క నువ్వెలా కడతావు?" అన్నాను. వ్యాపారులు తమ గుట్టు చెప్పరు గదా! దానికామె చెప్పిన ఉపమానం నాకు బాగా నచ్చింది. "మన పెళ్ళిళ్ళకు వచ్చే వంటమేస్త్రి ఎలా కడతాడు నాన్నగారూ? విస్తళ్ళ లెక్కన" అన్నది. పెళ్ళివారు ఐదువందలమంది వస్తారంటారు. మేస్త్రి ఆ మాట నమ్మడు. విస్తరాకులు ఎన్ని చెప్పారో కనుక్కొంటాడు. పెరుగుకు ఎంత బయానా ఇచ్చారో ఆరా తీస్తాడు. ఊళ్ళో అదే ముహూర్తానికి ఇంకెన్ని పెళ్ళిళ్ళున్నాయో చూస్తాడు. అప్పుడు గాని ఎసట్లో బియ్యం పోయడు. వీరూ అంతే. ప్రపంచంలోని కర్మాగారాలు నెలకు ఎన్ని వేఫర్లు మొదలుపెడుతున్నాయో కూడబెడతారు. ఒక్కొక్క వేఫరుకు ఏ సరుకు ఎంత ఖర్చవుతుందో కడతారు. దాన్ని ధరతో హెచ్చవేస్తారు. అది ఒక దారి. అమ్మేవారి వార్షిక నివేదికలనుంచి వచ్చేది రెండో దారి. రేవుల్లో దిగుమతి ఎగుమతుల లెక్క మూడో దారి. కొనేవారిని, అమ్మేవారిని విడివిడిగా పలకరించి రాబట్టేది నాలుగోది. నాలుగూ ఒకచోటికి వస్తే ఆ అంకెను నమ్మవచ్చు. రాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కోవాలి.

మార్కెట్టు లెక్క ఒక యెత్తు, సాంకేతికపు పోకడ ఇంకొక యెత్తు. విస్తళ్ళు పెరిగినా వంటకం మారిపోతే పాత లెక్క పనికిరాదు. జ్ఞాపక చిప్పులలో పొరలను మేడలాగా కట్టడం మొదలైన 2013లో ఉన్నవి 24 అంతస్తులు, 2022 నాటికి రెండువందలు దాటాయి. వేఫర్ల సంఖ్య అంతే ఉన్నా, అంతస్తు అంతస్తుకూ పోయవలసిన వాయువులు పెరుగుతాయి. మరోవైపు, చిప్పుకు తీగలు కట్టడానికి ఒకప్పుడు బంగారమే వాడేవారు. బంగారం ధర కొండెక్కిన 2010 ప్రాంతాలలో చాలామంది రాగికి మారారు. చిప్పులు పెరిగాయి కనుక బంగారమూ పెరుగుతుందని గుడ్డిగా హెచ్చవేసినవాడు బోల్తాపడ్డాడు.

బోల్తాపడడం పెద్దలకూ తప్పలేదట. ఇప్పుడున్న పెద్ద వేఫరు 300 మిల్లీమీటర్లది. దానిని 450కి పెంచుతామనీ, 2012 నాటికి తొలి విడత ఉత్పత్తికి సిద్ధమౌతామనీ 2008లో ఇంటెల్, శాంసంగ్, టీఎస్ఎంసీ కలసి ప్రకటించాయి. అంతటి వారు ముగ్గురు కలసి చెప్పిన మాట! అది ఈనాటికీ రాలేదు. అత్యల్ప తరంగదైర్ఘ్యపు అతినీలలోహిత కాంతితో అచ్చువేసే విద్య ఇదిగో వస్తున్నదంటూ ఏళ్ళ తరబడి వాయిదాపడి, ఇక రాదని కొందరు పెదవి విరిచాక, 2019లో భారీ ఉత్పత్తిలోకి వచ్చింది. వస్తుందన్నది రాలేదు, రాదన్నది వచ్చింది.

మరునాడు పొద్దున నాకొక దుర్బుద్ధి పుట్టింది. అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు, బల్లమీద ఉన్న కాగితాలు తిరగేశాను. సెమీ అనే పరిశ్రమ సంఘం ఏటేటా ప్రకటించే సరుకుల అమ్మకాల లెక్కలవి. ఒక కాగితంలో 2021 సంవత్సరపు అమ్మకం 6,430 కోట్ల డాలర్లని ఉన్నది. ఆ మరుసటి యేటి కాగితంలో అదే 2021కి 6,680 కోట్ల డాలర్లని ఉన్నది! పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి కదా, ఎర్రసిరా కలం తీసి రెండింటి చుట్టూ సున్నాలు చుట్టాను. అమ్మాయి రాగానే "ఇదుగో, మీవాళ్ళ తప్పు పట్టాను" అన్నాను.

ఆమె నవ్వి, "అది తప్పు కాదు నాన్నగారూ, సవరణ. ఆలస్యంగా అందిన లెక్కలూ, దిద్దుకొన్న లెక్కలూ కలుపుకొంటూ వెనకటి సంవత్సరాలను కూడా సరిచేస్తూ ఉంటారు. ఈ అంకె ఏ సంవత్సరం ప్రకటనలోదో చెప్పకుండా వాడితేనే తప్పు" అన్నది. అప్పుడు నాకు వెలిగింది. ఇది పాఠాంతరం! బ్రౌను దొరగారు ఒక్క కావ్యానికి ఎన్నెన్నో వ్రాతప్రతులు సేకరించి, పండితులను కూర్చోబెట్టి పోల్చి చూపించినది ఇందుకే గదా. ఏ ప్రతిలో ఏ పాఠమున్నదో చెప్పకుండా "పద్యమిది" అనేవాడిని మనం పండితుడనం. ఏ ప్రతిలోదో చెప్పకుండా "అంకె ఇది" అనేవాడినీ అలాగే అనకూడదు. ఆమె శాస్త్రమూ నా శాస్త్రమూ ఒక వీధిలోనివేనన్న సంగతి తెలియడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

నా ఉత్సాహం చూసి ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత తనకు జరిగినదొకటి చెప్పింది. ఇంతవరకూ వాళ్ళమ్మకు కూడా చెప్పలేదట.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలైంది. చిప్పులమీద అచ్చువేసే లేజర్లకు నియాన్ వాయువు కావాలి. గాలిలో అది బహు స్వల్పం. పెద్దపెద్ద ఉక్కు కర్మాగారాలు తమకు కావలసిన ప్రాణవాయువును గాలినుంచి వేరుచేసేటప్పుడు దానిని కూడా పట్టుకొంటారు. సోవియట్ కాలపు ఉక్కు కర్మాగారాల వల్ల ఆ వాయువు ఆ ప్రాంతంలో దొరికేది. ఒడెస్సాలోనూ, మారియుపోల్‌లోనూ దానిని శుద్ధిచేసే రెండు సంస్థలు యుద్ధం మొదలవగానే ఆగిపోయాయి. ప్రపంచమంతా మళ్ళీ అదే ప్రశ్న: "ఎంత శాతం?" చిప్పులకు పనికివచ్చే నియాన్‌లో దాదాపు సగమని ఒక లెక్క. డెబ్బై అని ఇంకొక లెక్క. తొంభై అని మరొకటి. ఈ తొంభై అన్నది నిజానికి అమెరికా తెచ్చుకొనే నియాన్‌ను గురించిన అంచనా. చేతులు మారుతూ మారుతూ 'అమెరికాకు' అన్న మాట ఎక్కడో జారిపోయింది. మన వ్రాయసగాళ్ళ చేతిలో ఒక అక్షరం జారిపోయి పద్యార్థం తలక్రిందులైనట్టు.

రెండు రోజుల్లో నివేదిక కావాలన్నారట పైవాళ్ళు. మా అమ్మాయి ఆ తొంభైని ప్రపంచం మొత్తానిదిగా వ్రాసింది. "నేను చూసిన మూడు చోట్లా అలాగే ఉంది. నాలుగోది చూడలేదు" అన్నది. ఆ నివేదిక చదివిన ఒక చిన్న వాయువుల వ్యాపారి, కొరత ఏళ్ళ తరబడి ఉంటుందని భయపడి, ధర శిఖరానికి ఎక్కినప్పుడు అప్పు చేసి సరుకు కొన్నాడు. చిప్పుల సంస్థలు మాత్రం ముందునుంచే నిలవలు పెట్టుకొన్నాయి, వాడిన వాయువును తిరిగి పట్టి వాడుకొన్నాయి, వేరే చోట్లనుంచి తెచ్చుకొన్నాయి. నియాన్ లేక ప్రపంచపు చిప్పుల ఉత్పత్తి ఆగిపోలేదు. పైగా 2022 చివరికి చిప్పులకే గిరాకీ తగ్గింది. ఆ సెమీ వారి లెక్క ప్రకారమే 2022లో 7,270 కోట్ల డాలర్లని ప్రకటించిన సరుకుల అమ్మకం, 2023కు వచ్చేసరికి 6,670 కోట్లకు దిగింది. ఆ వ్యాపారి నష్టపోయాడు. కోపంగా ఉత్తరమేమీ వ్రాయలేదట. "మీ నివేదిక చూసే కొన్నానమ్మా" అని ఒక్కమాట ఫోనులో అన్నాడట.

"నన్నెవరూ ఏమీ అనలేదు నాన్నగారూ. అందరూ అలాగే వ్రాశారు కాబట్టి అది తప్పు లెక్కలోకి రాలేదు" అన్నది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. పెరట్లో ముగ్గుమీద పడి ఉన్న గొబ్బెమ్మల వైపు చూస్తున్నది.

నేను ఓదార్పు మాట ఏదైనా చెప్పవలసింది. కాని నోట్లోంచి వచ్చినది వేరు. నా తప్పు చెప్పాను. ఇది నేనూ ఎవరికీ చెప్పనిదే.

1990 ప్రాంతంలో, తొమ్మిదో తరగతికి ఒక చాటుపద్యం చెప్పేవాణ్ణి. శ్రీనాథుడిదని చెప్పేవాణ్ణి. దానికొక కథ కూడా కట్టి, ఏ రాజు సభలో, ఏ సందర్భంలో చెప్పాడో అభినయించి మరీ చూపేవాణ్ణి. పిల్లలు నోళ్ళు తెరచుకొని వినేవారు. ఒకసారి వెనక బెంచీనుంచి ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, ఇది శ్రీనాథుడు వ్రాశాడని ఏ పుస్తకంలో ఉందండీ?" అన్నాడు. ఎగతాళిగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మా గురువుగారు చెప్పారు, వారికి వారి గురువుగారు చెప్పి ఉంటారు, అంతే. శ్రీనాథుడి పేరున చలామణీ అయ్యే చాటువులలో ఎన్ని ఆయనవో తేల్చడం కష్టమని నేను భాషాప్రవీణలోనే చదువుకొన్నాను. తెలిసీ, "పెద్దలు చెప్పినదానికి మూలం అడిగేంతవాడివయ్యావా?" అని గద్దించి, ఆ గంటంతా బెంచీ ఎక్కించి నిలబెట్టాను. ఆ తరువాత కూడా ఎన్నో ఏళ్ళు ఆ పద్యాన్ని శ్రీనాథుడిదనే చెప్పాను. నా దగ్గర చదువుకొన్నవారిలో కొందరు ఉపాధ్యాయులయ్యారు. వారూ అలాగే చెబుతూ ఉంటారు. నేనే వారికి మూలం.

మెదకుసీమలోని కొలిచెలమవాడు మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యానం వ్రాయబోతూ, మూలంలో లేనిది వ్రాయననీ, అక్కరలేనిది చెప్పననీ నియమం పెట్టుకొన్నాడు. ఈ సంగతిని ఎన్ని వందలసార్లు తరగతిలో గొప్పగా చెప్పానో లెక్కలేదు. ఆ నియమానికి వ్యతిరేకమైనదానిని అమూలకమంటారని నిర్వచనం వ్రాయించాను. అది పరీక్షలో కూడా ఇచ్చాను. పాటించినదెంత అన్నది వేరే సంగతి.

ఇక కనుమనాటి ఫోను సంగతి. చిప్పుల పీఠాలలో వాడే పొరల మార్కెట్టు 2030 నాటికి ఇంత అవుతుంది, ఏటా ఇంత శాతం పెరుగుతుంది అన్న అంకె ఒకటి, చుక్క తరువాత రెండు స్థానాలతో సహా, అందరి నివేదికల్లోనూ తిరుగుతున్నదట. ఈసారి ఆమె వదలలేదు. మొదటి నివేదిక రెండోదానిని చూపించింది. రెండోది మూడోదానిని. మూడోది ఒక పత్రికా ప్రకటనను. ఆ ప్రకటన వెనుక చివరకు తేలినది తమ సంస్థవారిదే పాత నివేదిక! అందులో ఆ అంకె కింద ఆధారమేమీ లేదు. ఎవరో ఉజ్జాయింపుగా వేసినది ఊరంతా తిరిగి, ఐదుగురు సాక్షులను వెంటబెట్టుకొని ఇంటికి వచ్చింది. ఆ అంకెను నేనిక్కడ వ్రాయను. వ్రాస్తే ఆరో సాక్షినవుతాను.

"ఇంత ఎప్పటికో ఎవరికి తెలుసునమ్మా? చుక్క తరువాత రెండు స్థానాలెందుకు?" అని అడిగాను. "రెండు స్థానాలుంటే లోపల ఏదో పెద్ద లెక్క జరిగిందనుకొంటారు నాన్నగారూ" అన్నది. మన వాళ్ళలో కొందరు శ్లోకం చివర పురాణం పేరు తగిలించినట్టు.

ఆమె తన చేతనైన లెక్క తాను కట్టింది. విస్తళ్ళ దారిన వచ్చినది ఒకటి, అమ్మేవారి లెక్కల దారిన వచ్చినది మరొకటి. రెండింటికీ మధ్య వారడిగే ఒక్క అంకెకు బదులు, ఇంతకూ ఇంతకూ మధ్య అని ఒక అవధి ఇచ్చింది. తేడా ఎందుకు వచ్చిందో రెండు పుటలు వ్రాసింది. చలామణీలో ఉన్న అంకెకు ఆధారం తమకు దొరకలేదని ఒక వాక్యం చేర్చింది. ఆ వాక్యం మీదనే తగాదా. డబ్బిచ్చేవాడికి అవధి అక్కరలేదు, అంకె కావాలి. కర్మాగారం ఎంత పెద్దది కట్టాలో, బ్యాంకును ఎంత అడగాలో ఆ అంకెతోనే తేలాలి. ఆమె పైవాడు చెడ్డవాడేమీ కాడట. "మనం చెప్పకపోతే పక్కవాడు చెబుతాడు, పని అతడికి పోతుంది" అన్నాడట. అదీ నిజమే. ఆమెకు ఇంటి అప్పు కంతులున్నాయి. ఆ సంగతి నాకూ తెలుసు.

"ఏం చేయమంటారు?" అని నన్నడిగింది. ఆమె నన్ను సలహా అడగడం పదో తరగతి తరువాత ఇదే మొదలు. నాకు మల్లినాథుడిని చెప్పే అర్హత లేదని అప్పుడే ఒప్పుకొని ఉన్నాను. అందుచేత, "ఆ వ్యాపారి ఈ నివేదిక చదువుతాడనుకొని వ్రాయి" అని మాత్రం అన్నాను. అది సలహాయో కాదో నాకు తెలియదు. ఆ రాత్రి ఆమె గదిలో దీపం చాలాసేపు వెలుగుతూనే ఉన్నది. తెల్లవారి చూస్తే ఆ వాక్యం అలాగే ఉంచి పంపేసిందని చెప్పింది. సాయంత్రం సామర్లకోటలో శేషాద్రి ఎక్కించి వచ్చాను. ఆ పని వారి సంస్థకు నిలిచిందో పోయిందో ఈ మాటలు వ్రాసేనాటికి ఇంకా తేలలేదు. డబ్బిచ్చినవారు ఒకసారి మాట్లాడాలన్నారట, అంతే. ఫోను చేసినప్పుడల్లా నేను అడగను. ఆమే చెబుతుందని ఎదురుచూస్తున్నాను.

ఇంటికి వచ్చాక నాకు నిద్రపట్టలేదు. పాత విద్యార్థులలో నాకు తెలిసినవారికి ఇద్దరు ముగ్గురికి ఫోను చేసి, ఆ వెనక బెంచీ కుర్రవాడి నంబరు సంపాదించాను. కుర్రవాడంటున్నాను గాని యాభై దాటినవాడు. కాకినాడలో ఎరువుల దుకాణం పెట్టుకొన్నాడు. నా గొంతు గుర్తుపట్టి, "మాస్టారూ, మీరా!" అంటూ లేచి నిలబడిన చప్పుడు నాకు వినిపించింది. ఉపోద్ఘాతమేమీ లేకుండా, "బాబూ, ఆనాడు నువ్వడిగిన ప్రశ్నకు జవాబు చెబుదామని చేశాను. ఆ పద్యం శ్రీనాథుడిదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. అప్పుడూ లేదు" అన్నాను.

అవతల కాసేపు నిశ్శబ్దం. వెనుక ఎవరో యూరియా బస్తాల లెక్క చెబుతున్నారు. "ఏ పద్యమో గుర్తులేదండీ మాస్టారూ" అన్నాడు మెల్లగా. "బెంచీ మాత్రం గుర్తుంది."

తరువాత నా ఆరోగ్యం గురించి అడిగాడు. మోకాళ్ళ నొప్పులకు ఎవరో మంచి వైద్యుడున్నాడని చెప్పి, ఎప్పుడైనా కాకినాడ వస్తే దుకాణానికి రమ్మన్నాడు. వస్తానన్నాను.

పై అంకెలలో నా చేతి పొరపాటేదైనా ఉంటే పెద్దలు తెలియజేయగలరు. మూలంతో సహా చెబితే మరీ సంతోషం. స్వస్తి.